పెరటమ్మ పచ్చగోరు

వేమగుట్టపల్లెకు ఉత్తరాన, చామంతి మళ్ల నడుమ ఉన్న పెరటమ్మ గుడికి వచ్చే భక్తులు ముందుగా అమ్మవారి కుడిచేతిని దర్శించాలి. బొటనవేలు, చూపుడువేలు దేన్నో తుంచుతున్నట్టు కలిసి ఉంటాయి. బొటనవేలి గోరు మాత్రం లేతపచ్చగా ఉంటుంది. రంగు పూశారేమోనని గోకి చూసినవారు చాలామందే ఉన్నారు. వారందరికంటే ముందు గోకినామె కథే ఈ స్థలపురాణం.

పూర్వం ఇక్కడ ఓబుళమ్మ అనే ఇల్లాలి పెరడు ఉండేది. ఆమె మహా అనుమానపు మనిషి. పాలు విరిగినా పొరుగింటి వైపే చూసేది. ఆ పొరుగింట్లో ఉన్నది సొంత తోటికోడలు కదిరమ్మ. ఊరికంతటికీ మంత్రసాని ఆమె ఒక్కతే.

ఓబుళమ్మ కూతురు చెన్నక్కకు రెండు కాన్పులూ నిలవలేదు. మూడోసారి నెల తప్పగానే ఓబుళమ్మ, పెరటి గోడ గూటిలోని అమ్మవారికి కార్తికంలో బుట్టెడు చామంతులు పోస్తానని మొక్కుకుంది. ఆషాఢంలో పిలకలు విడదీసి నాటింది. పేడ ఎరువు వేసి, వేళ్ల దగ్గర నీరు నిలవకుండా కాలువ తీసి, పసిబిడ్డల్లా సాకింది. శ్రావణంలో ఒక ఉదయం చూస్తే ఏ మొక్కకూ తల లేదు.

మేక కొరికితే ఆకులూ పోతాయి. ఇవి గోటితో గిల్లినట్టు నున్నగా ఉన్నాయి. ఓబుళమ్మ గుండె భగ్గుమంది.

“నా బిడ్డ మొక్కు చెడగొడతావా? ఈ జన్మలో నా గడప తొక్కొద్దు!” అని గోడమీదుగా కేకలేసింది.

“నేనేం పాపం ఎరగనక్కా” అన్న కదిరమ్మ మాట ఆమె చెవికెక్కలేదు.

తుంచిన చోట పక్కకొమ్మలు గుబురుగా లేచాయి. అదీ ఆమెకు చేతబడిలాగే తోచింది. కార్తికానికి మొక్కలు పూలతో ఒరిగిపోయాయి. చెన్నక్కకూ నెలలు నిండాయి. మంత్రసాని గోడ అవతలే ఉంది, పిలవడానికి నోరు రాదు. భయంతో కుమిలిపోయి మధ్యాహ్నం కాస్త కునుకు తీసిన ఓబుళమ్మకు అమ్మవారు కలలో కనిపించింది.

“తల తుంచకుంటే మొక్కకు నాలుగు పూలు. నీ మొక్కు బుట్టెడు. అందుకే నేనే తుంచాను. కదిరమ్మను పిలుచుకో.”

ఓబుళమ్మ ఆ కలనూ నమ్మలేదు. లేచి గూటి దగ్గరకు వెళ్లింది. అమ్మవారి గోరు పచ్చగా ఉంది. ఇదీ కదిరమ్మ పనేనని కొంగుతో తుడిచింది, గోకింది, చింతపండు పెట్టి తోమింది. పచ్చదనం పోలేదు. లోపల చెన్నక్క నొప్పులతో కేక పెట్టింది. ఓబుళమ్మ ఏడుస్తూ పరిగెత్తి తోటికోడలి చేతులు పట్టుకుంది.

“తప్పయిపోయింది కదిరీ, రావే.”

“వస్తా గానీ అక్కా, వచ్చే శ్రావణంలో నీ చామంతి తలలు నాతోనే తుంచించాల. నువ్వు ఎదురుగా నిలబడి చూడాల” అంటూనే కదిరమ్మ చెంగు బిగించింది.

పొద్దు గుంకకముందే చెన్నక్క ఆడపిల్లను కన్నది.

నేటికీ శ్రావణంలో ఇక్కడివారు తమ పెరటి చామంతులను తామే తుంచుకోరు. ఎవరిని అనుమానించి మాటలు మానుకున్నారో, వారినే పిలిచి తుంచమంటారు. అలా పిలిచినవారి ఇంట కాన్పులు సుఖంగా జరుగుతాయని నమ్మకం. పిలవడానికి తమకు అలాంటివారెవరూ లేరని చెప్పే భక్తులను పూజారి అమ్మవారి ఎదుట కాసేపు కూర్చోబెడతారు. ఒక్క పేరైనా గుర్తుకు రాకుండా లేచినవారు ఇంతవరకూ లేరు.