పదికి పది

దేవసహాయం మాస్టారిని ప్రశ్న అడిగినవాడు ఆ రోజే జవాబు పుచ్చుకుని ఇంటికి వెళ్లిన దాఖలా చీరాలలో లేదు. అడిగిందంతా వింటారు, కళ్లజోడు తీసి తుడుచుకుంటారు, వేరే సంగతి ఎత్తుకుంటారు. జవాబు మాత్రం ఎప్పుడో, అడిగినవాడు ప్రశ్నే మరిచిపోయాక, ఏదో ఒక పని రూపంలో వచ్చి ఎదురుగా నిలబడేది. తనకు ఇంగ్లీషు ఎన్నాళ్లకు వస్తుందని ఓ పళ్ల డాక్టరు అడిగితే, నెల తర్వాత ఆయన్ని వెంటబెట్టుకుని పోయి ఒక మగ్గం ముందు కూర్చోబెట్టి, తెగిన పోగులు అతకమన్నారట. పొద్దు వాలేదాకా అతికి అతికి, ఆ పళ్ల డాక్టరు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఊళ్లో ఈ కథ చెప్పుకుని నవ్వుకుంటారు. మాల్యాద్రి కథ చెప్పుకున్నప్పుడు మాత్రం ఎవరూ నవ్వరు.

మాస్టారు మిషను కాలేజీలో ముప్పై రెండేళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక ఆయనకు మిగిలినవి రెండే, ఆదివారం చర్చిలో పాట, తక్కిన రోజుల్లో పాఠం. వైద్యంలో డాక్టరేటు చేయాలనుకునే వాళ్లకు పెద్ద సంస్థలు పెట్టే ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు పేపరు ఒకటుంటుంది. అది గట్టెక్కకపోతే కత్తి పట్టడంలో ఎంత మొనగాడైనా వెనక్కి రావాల్సిందే. అందుకని ఎక్కడెక్కడి డాక్టర్లో ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. ఆసుపత్రిలో రోగుల్ని గద్దించి నోరు మూయించే మహానుభావులు ఆయన వరండాలో బెంచీ మీద నోటుబుక్కులు ఒళ్లో పెట్టుకుని చేతులు కట్టుకుని కూర్చునేవారు.

మాల్యాద్రి అలా వచ్చినవాడే అయినా కొత్తవాడు కాదు. కనిగిరి వైపు పల్లెలో తెలుగు మీడియంలో చదివి, చీరాలలో ఇంటర్ చేరినప్పుడు, ఇంగ్లీషంటే వణికిపోతున్న అతన్ని దగ్గర కూర్చోబెట్టుకుని మాట నేర్పింది ఈ మాస్టారే. ఇప్పుడతనికి ముప్పై ఎనిమిదేళ్లు. కడపలో చెవి ముక్కు గొంతు డాక్టరు, పనిమంతుడని పేరు. రోజూ అతని దగ్గరికి గొంతు క్యాన్సరుతో ఒకరిద్దరైనా వచ్చేవారు. వచ్చేసరికే అంతా అయిపోయి ఉండేది. మెడకు రంధ్రం పెట్టి ఊపిరి ఆడించడం తప్ప చేయగలిగింది మిగిలేది కాదు. "ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?" అని అడిగేవాడు ప్రతి ఒక్కరినీ, జాలితో కొంత, కోపంతో కొంత. వాళ్లు నేలచూపులు చూసేవారు. మూడు వారాలకు మించి గొంతు బొంగురుపోతే వెంటనే చూపించుకోండి అని తన గది బయట పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి పెట్టాడు. గొంతు రోగులు ఎందుకు ఆలస్యంగా వస్తారన్నదే అతను డాక్టరేటుకు ఎంచుకున్న విషయం. దాని అంతు తేల్చాలన్నది అతని పట్టుదల. అయితే ఇంగ్లీషు పేపరులో, అందులోనూ విని జవాబులు గుర్తించే భాగంలో, రెండుసార్లు తప్పాడు. ఆ సంస్థవాళ్లు మూడు అవకాశాలే ఇస్తారు. మూడోది తప్పితే ఆ తలుపు ఇక తెరుచుకోదు.

జూన్‌లో ఓ ఆదివారం వచ్చి మాస్టారితో తన గోడు చెప్పుకున్నాడు. ఆ పరీక్షలో ఎవరిదో గొంతు ఎనిమిది నిమిషాల సేపు ఏదో సంగతి చెబుతుంది, ఒక్కసారే. పది ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. ఈసారి అతను ఒక కిటుకు పట్టుకొచ్చాడు. కోచింగుకు వెళ్లి గట్టెక్కిన స్నేహితుడు చెప్పిందది. ముందు ప్రశ్నలు చదువుకోవాలి, జవాబు ఏ మాట పక్కన వస్తుందో ఊహించుకోవాలి, ఆ మాట వచ్చేదాకా కొంగలా కాచుకుని ఉండి, రాగానే టక్కున పట్టుకోవాలి. పైగా సాధన చేసేటప్పుడు ఫోనులో ఒకటిన్నర రెట్ల వేగం పెట్టుకుని వినాలి. అలా అలవాటైన చెవికి పరీక్షలో మామూలు వేగం నత్తనడకలా వినిపిస్తుంది. ఇదంతా ఉత్సాహంగా వివరించి, చివర్న అడిగాడు.

"పదింటికీ జవాబులు దొరికితే చాలు గదా మాస్టారూ. మిగతాదంతా వినాలా?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కడపలో వానలు పడ్డాయా అని అడిగారు. వెళ్లేటప్పుడు మాత్రం, పదిహేను రోజులకొక పాఠం తానే రాసి, చదివి, ఫోనుకు పంపుతానని, ప్రశ్నలు కూడా పంపుతానని, జవాబులు తిరిగి పంపితే మార్కులు వేస్తానని మాటిచ్చారు. మాటిచ్చినట్టే జులై నుంచి తప్పకుండా పంపారు.

మాల్యాద్రి ఆ పాఠాలు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తూ కార్లో వినేవాడు. ప్రశ్నలు ముందే చూసుకునేవాడు. వేగం ఒకటిన్నర దగ్గర పెట్టేవాడు. ఆ వేగంలో మాస్టారి గొంతు సన్నగా, చిలక పలుకులా వినిపించేది. మనిషిని పోల్చుకునేంత తీరిక ఎక్కడిది, తనకు కావలసిన మాటలు వస్తే అంతే చాలు. దిగేలోగా జవాబులు పంపేసేవాడు. మొదటి పాఠంలో పదికి ఆరు వచ్చాయి. నాలుగోదానికి తొమ్మిది. ఆ తర్వాత పదికి పది, పదికి పది, పదికి పది. మార్కులు చూసుకున్నప్పుడల్లా అతనికి ప్రాణం లేచొచ్చేది. పాఠంలో ఏముందని ఎవరైనా అడిగి ఉంటే, ఎవరో ముసలాయన, ఓ చర్చి, పాడైన హార్మోనియం అని చెప్పేవాడు, అంతకు మించి చెప్పలేకపోయేవాడు.

క్రిస్మస్ రోజున మాస్టారికి ఫోన్ చేశాడు. ఆయన ఎత్తలేదు. కాసేపటికి, గొంతు బాగోలేదు నాయనా, తర్వాత మాట్లాడుకుందాం అని రాసి పంపారు. మాల్యాద్రి అప్పుడు వార్డులో ఉన్నాడు. గోరువెచ్చటి నీళ్లలో ఉప్పు వేసి పుక్కిలించండి మాస్టారూ, చలికాలం కదా, అని రాసి పంపి ఫోను జేబులో వేసుకున్నాడు. ఆ మాట రాసినట్టు కూడా అతనికి గుర్తులేదు. తర్వాత తన ఫోనులోనే కనబడింది.

జనవరి ఆఖర్లో పరీక్ష. గొంతు ఏదో మాట్లాడింది, అతను కొంగలా కాచుకున్నాడు, పట్టుకున్నాడు. మార్చిలో ఫలితం వచ్చింది, నెగ్గాడు. ఇంటర్వ్యూలో పెద్దలు అతని విషయం గురించి అడిగారు. తమ ఒంట్లో ఏం జరుగుతోందో పల్లె జనం పైకి చెప్పుకోరని, అదే అసలు చిక్కని తడబడకుండా ఇంగ్లీషులో చెప్పాడు. పెద్దలు తలలూపారు. సీటు ఖాయమైంది.

శాలువా, పళ్లు తీసుకుని చీరాల వచ్చాడు. తలుపు తీసిన మనిషిని చూసి ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాడు. మెడ చుట్టూ చొక్కా కాలరు వదులుగా వేలాడుతోంది. "రా నాయనా" అన్నారు మాస్టారు. మాట రాలేదు, గాలి వచ్చింది. ఆ గాలి వెనక సన్నగా ఈల లాంటి చప్పుడు. మాల్యాద్రి ఆ చప్పుడు కొన్ని వందలసార్లు విన్నాడు. అదేమిటో అతనికి గడప దాటకముందే తెలిసిపోయింది. తెలియకపోతే బాగుండునని అనుకున్నాడు. పళ్ల బుట్ట ఎక్కడ పెట్టాడో తెలియదు. కార్లోంచి సంచి తెచ్చి, మాస్టారిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, చిన్న అద్దాన్ని వెచ్చజేసి, నాలుక పట్టుకుని గొంతులోకి చూశాడు. "ఆ" అనండి అన్నాడు. ఆయన అన్నారు. లోపల రెండు తీగలుండాలి, పలికినప్పుడల్లా రెండూ దగ్గరికి రావాలి. ఒకటి వచ్చింది. రెండోదాని మీద తెల్లగా, గరుకుగా ఏదో పెరిగిపోయి ఉంది, అది కదలడం లేదు. ఆర్నెల్ల కింద అయితే కిరణాల వైద్యంతో గొంతు నిలిచేది. ఇప్పుడు ప్రాణం నిలవాలంటే గొంతే తీసేయాలి, అప్పటికీ నిలుస్తుందని చెప్పలేం.

అద్దం తీసి పక్కన పెట్టాడు. నోటి నుంచి అలవాటైన మాటే వచ్చింది, పదేళ్లుగా ప్రతి రోగినీ అడిగే మాట.

"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు మాస్టారూ?"

మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. మాల్యాద్రి చొక్కా జేబులో ఉన్న ఫోను వైపు వేలు చూపించి, మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లిపోయారు.

అతను వరండాలో, పదహారేళ్ల వయసులో కూర్చున్న బెంచీ మీదే కూర్చుని, పాఠాలన్నీ మొదటి నుంచి పెట్టాడు. ఈసారి వేగం మామూలే. మొత్తం పద్నాలుగు, రెండు గంటలకు కాస్త తక్కువ. మొదటిదాంట్లో మాస్టారి గొంతు నిండుగా, చర్చిలో వెనక బెంచీదాకా వినిపించే గొంతులాగే ఉంది. రెండోదీ అంతే. మూడోదాంట్లో ఒక పక్క నుంచి చిన్న జీర మొదలైంది. హార్మోనియం బాగుచేయించిన ముసలాయన మూడో చరణంలో పై స్వరం అందుకోలేక, వానల వల్ల అనుకుని సరిపెట్టుకుంటాడు. మాల్యాద్రి ఆనాటి ప్రశ్నలు తీసి చూశాడు. హార్మోనియం ఏ రంగు, బాగుచేసింది ఏ రోజు, మోసుకొచ్చింది ఎందరు. మూడో చరణం మీద ప్రశ్న లేదు. అయిదోదాంట్లో ముసలాయన పచారీ కొట్లో ఒకే మాట రెండుసార్లు చెప్పాల్సి వస్తుంది. ఏడోదాంట్లో పాటల పుస్తకం పక్కవాళ్లకిచ్చేసి ఊరికే నిలబడతాడు. పదోదాంట్లో మంచినీళ్లు గొంతుకడ్డం పడతాయి. వీటిలో ఒక్కదాని మీదా ప్రశ్న లేదు. చదివే గొంతు మాత్రం ఆ మూడోదాని నుంచి చివరిదాకా పాఠానికీ పాఠానికీ మధ్య అరిగిపోతూ వచ్చింది, మధ్య మధ్య ఆగి ఊపిరి తీసుకుంది, చివరికి సగం మాటలు గాలిలోనే కలిసిపోయాయి.

పద్నాలుగో పాఠం పరీక్షకు వారం ముందు వచ్చింది. అందులో ముసలాయన కిటికీ పక్కన కూర్చుని ఉంటాడు. తను ఎరిగిన గొంతు డాక్టరు ఒకడున్నాడని, ఇప్పుడు ఊపిరి సలపని పనిలో ఉన్నాడని, అది కాగానే అతనే వస్తాడని అనుకుంటాడు. ఆ వెంటనే గోడ గడియారం నాలుగు కొడుతుంది. తొమ్మిదో ప్రశ్న ఆ గడియారం మీదే. ఆ రోజు ఆసుపత్రి గేటు మలుపులో, గడియారం అన్న మాట కోసం చెవి రిక్కించుకుని ఉన్న సంగతి మాల్యాద్రికి బాగా గుర్తుంది. అదే గేటు లోపల, అతని గది బయట, మూడు వారాలకు మించి అని పెద్ద అక్షరాల బోర్డు. నాలుగు గంటలని సరిగ్గానే గుర్తించాడు. పదికి పది.

మాస్టారు అతనికి పరీక్ష పెట్టారా, లేక నోరు విడిచి చెప్పలేక పాఠంలో పెట్టి చెప్పుకున్నారా అన్న దాని మీద ఈ కథ చెప్పేవాళ్లలో రెండు మాటలున్నాయి. రెండోదే నిజమై ఉంటుంది. భయపడ్డ మనిషి తన సంగతి తిన్నగా చెప్పడు. వేరే ఎవరిదో చెబుతున్నట్టు చెబుతాడు, అదీ మధ్యలో ఎక్కడో, పనిలేని మాటల నడుమ పెట్టి చెబుతాడు. గొంతు డాక్టరుగా మాల్యాద్రి ఎదుట కూర్చున్న ఎంతోమంది పొలం సంగతులు, కోడలి సంగతులు చెబుతూ మధ్యలో ఒక్క మాట అనే ఉంటారు. వాళ్లను ఆపి, అడిగిందానికి జవాబు చెప్పమని అతను గద్దించే ఉంటాడు. ఆ బెంచీ మీద అతనికి వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. దుఃఖం ఆగలేదు. ఎంతో చదువుకున్న మనిషి, వీధిలో పోయేవాళ్లు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాడు.

లోపలికి వచ్చేసరికి మాస్టారు గుక్క గుక్కగా, ఒక్కో గుక్కకీ ఆగి నీళ్లు తాగుతున్నారు. గోడకు ఆనించిన హార్మోనియం మీద గుడ్డ కప్పి ఉంది. మాల్యాద్రి ఆయన కాళ్ల దగ్గర కూలబడి, రేపు పొద్దున్నే తనతో బయల్దేరాలని, ఆపరేషను ఎక్కడ చేయించాలో తను చూసుకుంటానని, డాక్టరేటు సంగతి తర్వాత చూద్దామని చెప్పాడు. మాస్టారు సరేనన్నట్టు తలూపారు. డాక్టరేటు మాట దగ్గర మాత్రం వాయిదా వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపారు. తర్వాత గ్లాసు కింద పెట్టి, దగ్గరికి రమ్మని సైగ చేశారు. మాల్యాద్రి తన చెవి ఆయన పెదాల దగ్గర పెట్టాడు. గదిలో ఇంకేమీ వినిపించడం లేదు. మాస్టారు ఒకసారి ఊపిరి కూడగట్టుకున్నారు, అందలేదు, మళ్లీ కూడగట్టుకున్నారు.

"రాకేం నాయనా" అన్నారు. "పన్నెండుసార్లు వచ్చాను."