నీళ్ళు తాగని బొమ్మలు

ఒక ఊళ్ళో ఒక బట్టల కొట్టు ఉండేది. కొట్టు వెనక పక్క రెండు తలుపులు. ఒక తలుపు మీద జడ బొమ్మ, రెండో దాని మీద మీసం బొమ్మ. జడ గదికి గడియ ఉండేది. మీసం గదికి లేదు. మీసానికి ఎప్పుడూ అవసరం పడలేదు.

వ్యాపారం మందగించిందని షావుకారు వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు. సిద్ధాంతి నాలుగు మూలలూ తిరిగి, జడ తలుపు దగ్గర ఆగి ముక్కు మూసుకున్నాడు. వాసనకు కాదు, శాస్త్రానికి.

"ఈశాన్యంలో పాయిఖానా కట్టారు. ఇక లక్ష్మి ఎక్కడ నిలుస్తుందండీ?"

వారం తిరక్కుండా జడ గది పోయి పూజ గూడు వచ్చింది. గూట్లో అమ్మవారి పటం వెలిసింది. మిగిలిన తలుపు మీద మీసం పక్కనే జడ కూడా వేయించి, కింద "అందరిదీ" అని రాయించాడు షావుకారు. తన పెద్ద మనసు చూసి తనకే ముచ్చటేసింది.

"మన కొట్టులో ఆడా మగా తేడా లేదు" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాడు. ఐదేళ్ళ కూతుర్ని చంకనేసుకుని వచ్చిన ఒక తండ్రి మాత్రం ఆ తలుపుకి నిజంగానే దణ్ణం పెట్టాడు. అంతకు ముందు ఏ తలుపు ముందు నిలబడాలో తెలియక పాపం వెనక సందులోకి పరిగెత్తేవాడు.

రాత మారింది గాని గది మారలేదు. లోపలి అడ్డుగోడలు ఛాతీ ఎత్తు. గడియ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఆ కొట్టులో చీరలు చూపించే ఆడవాళ్ళు తొమ్మిదిమంది. ఒక్కొక్కరూ ఒక్కసారి లోపలికి వెళ్ళొచ్చారు. రెండోసారి ఒక్కతి తప్ప ఎవరూ వెళ్ళలేదు. వాళ్ళకి తల్లులు నేర్పిన ఉపాయం ఒకటి ఉంది: గడప దాటేముందు గుక్కెడు, ఇంటికొచ్చాక చెంబెడు, మధ్యలో చుక్క ముట్టకూడదు. పెళ్ళిళ్ళకీ బస్సు ప్రయాణాలకీ దాచుకున్న ఆ ఉపాయాన్ని ఇప్పుడు రోజూ వాడటం మొదలుపెట్టారు.

ఆ తొమ్మిదిమందిలో పైడితల్లి ఒక్కతే పగలు నీళ్ళు తాగేది. ఆమె కిడ్నీలో రాయి ఉంది. రోజుకి మూడు సీసాల నీళ్ళు తాగకపోతే ఆ కిడ్నీ దక్కదని డాక్టరు చెప్పాడు. అందుకని తను లోపలికి వెళ్ళినప్పుడల్లా పక్కన చీరలు చూపించే చుక్కమ్మని తలుపు దగ్గర కాపలా పెట్టేది. అది షావుకారు కంటబడింది. "ఒకరి పనికి ఇద్దరు వెళ్ళకూడదు" అన్నాడు.

పాత సేల్స్‌మాన్ నాయుడు జాలిపడ్డాడు. "ఎల్లు పైడీ, నాను నిలబడతాను."

"నువ్వు నిలబడతావు మావా. నిలబడ్డావని లోపలున్న నాకు గుర్తుంటాది కదా."

నాయుడు బుర్ర గోక్కున్నాడు. "మాకు మాత్రం సుకమేటి? లోపల గాజుల సప్పుడైతే మాకు వచ్చింది కూడా ఎనక్కెల్లిపోతంది."

ఒక మధ్యాహ్నం చుక్కమ్మ చీరలు మడతపెట్టడం మానేసి అలా నిలబడిపోయింది. పైడితల్లి పిలిచింది. కదల్లేదు. రెప్ప వెయ్యలేదు. మణికట్టు పట్టుకుంటే చల్లగా, నున్నగా తగిలింది.

"ఏటయిందే?"

"ఏటీ అవలేదు. దాహం లేదు, నొప్పి లేదు. నువ్వూ మానెయ్యే, హాయిగుంటాది."

మాట వినిపించింది. పెదాలు కదల్లేదు.

అంతలో బేరానికొచ్చిన ఒకావిడ చుక్కమ్మ పైట కొంగు రెండు వేళ్ళతో పట్టి చూసి, "ఈ బొమ్మకి కట్టింది తియ్యండి" అంది. చుక్కమ్మ ఏమీ అనుకోలేదు.

వారానికి అలాంటివాళ్ళు నలుగురయ్యారు. పై వారానికి ఎనిమిదిమంది. షావుకారు మురిసిపోయాడు. ఎవరూ కౌంటరు వదలడం లేదు, ఎవరూ సెలవు అడగడం లేదు. కొట్టులో బొమ్మలు పెరిగినట్టు అనిపించింది గాని, కొట్టుకి సరుకు తెచ్చే బావమరిది తెప్పించి ఉంటాడులే అని సరిపెట్టుకున్నాడు.

ఆ రోజు పైడితల్లి కూడా సీసా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. నడుంలో పోటు తగ్గింది. ప్రాణం హాయిగా ఉంది. ఎందుకో చిటికెన వేలిని బల్లకేసి తట్టింది. టక్కుమంది.

ఆమె గబగబా షావుకారు దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, ఒక తలుపా రెండు తలుపులా అని నానడగను. గోడలు పైదాకా లేపించి గడియెట్టించండి. అది అవ్వదంటే మా గది మాకిచ్చెయ్యండి."

"నీ ఒక్కదానికే ఎందుకమ్మా కష్టం? మిగతావాళ్ళు కిక్కురుమనలేదే." షావుకారు ధర్మాత్ముడు. "పోనీ, అందర్నీ అడిగేద్దాం" అని కొట్టు నడిమధ్యకి వచ్చి నిలబడ్డాడు. "ఇబ్బందున్న ఆడవాళ్ళు చెయ్యెత్తండి."

ఫాను తిరిగింది. చీరల అంచులు కదిలాయి. పైడితల్లిది తప్ప ఒక్క చెయ్యీ లేవలేదు.

"చూశావా" అన్నాడు షావుకారు, ప్రేమగానే.

పైడితల్లి సీసా తెచ్చింది. ముందు తను నాలుగు గుక్కలు తాగింది. నడుంలో పోటు మళ్ళీ లేచింది. ఆ పోటుతోనే వెళ్ళి చుక్కమ్మ పెదాల మధ్య నీళ్ళు పోసింది. నీళ్ళు గడ్డం మీంచి కారాయి.

"పట్టు చీర, తడుస్తుంది" అన్నాడు షావుకారు.

ఆమె మళ్ళీ పోసింది. ఈసారి గుటక వినిపించింది. తర్వాత భుజం దగ్గర ఎండు కొమ్మ విరిగినట్టు ఒక చప్పుడు. చుక్కమ్మ కుడిచెయ్యి మెల్లగా, ఆగి ఆగి, పైకి లేచింది.

"ఈ బొమ్మ చెయ్యి దించండర్రా" అన్నాడు షావుకారు.

నాయుడు కదల్లేదు. మిగతా మగవాళ్ళు ఐదుగురూ పట్టి వేళ్ళాడారు. చెయ్యి దిగలేదు. అవతల బేరాలొస్తున్నాయి. షావుకారు తెలివైనవాడు. లేచిన ఆ చేతి మీద ఆవపువ్వు రంగు చీరొకటి అందంగా వేలాడదీసి, ధర చీటీ తగిలించాడు. గుమ్మం ఎక్కిన మొదటి ఆడమనిషి ఆ చీరే అడిగింది.

పైడితల్లి అప్పటికే పక్క కౌంటరు ఆమె ముందు ఉంది. ఒక చెయ్యి నడుం మీద, ఒక చేతిలో సీసా. అది ఖాళీ అవుతుంటే నాయుడు ఇంకోటి నింపి తెచ్చాడు.

గుటక వినిపించింది.

షావుకారు రెండో చీర మడత విప్పి సిద్ధంగా నిలబడ్డాడు.