మూడో అంతస్తులో ఉక్క

పరాంకుశం గారి దగ్గర చదువంటే ప్రశ్న అడిగి కాసేపు ఓపిక పట్టడమే. ఆయన వెంటనే బదులివ్వరు. కరెంటు లెక్కల్లో తల పండిన ఆ పెద్దాయన దగ్గరికి ఓ మధ్యాహ్నం శిష్యుడు ఓబులేశు మహా హుషారుగా వచ్చాడు.

ఊరి వాడకం పెరిగి కరెంటు చాలని వేళల్లో పెద్ద భవనాలు తమ వాడకం ఎంత తగ్గించుకోగలవో కొలవడం అతని పని. తాముండే కడపలోనే ఓ పెద్ద బట్టల దుకాణాన్ని కొలిచి వచ్చాడు. బేరాలు జరిగే కింది అంతస్తులు చల్లగానే ఉంచి, చీరలకు ఫాల్స్ కుట్టే మూడో అంతస్తులో ఏసీలు ఆపించి చూశాడు. ఎవరూ చిన్న ఫిర్యాదు కూడా చేయలేదు. ఈ భవనం హాయిగా సర్దుకోగలదని రిపోర్టు రాసేశాడు. అది అందజేస్తే వేసవంతా రోజూ అక్కడ ఏసీలు ఆపుతారు.

"ఎవరూ అడ్డు చెప్పకపోవడం కన్నా మంచి కొలత ఏముంటుంది సార్?" అని అడిగాడు.

పరాంకుశం గారు లేచి, శిష్యుడి పక్కనున్న స్విచ్ ఆపారు. ఓబులేశు నెత్తిమీది ఫ్యాను ఆగిపోయింది. ఆయన వెళ్లి, తిరుగుతున్న తన ఫ్యాను కింద కూర్చుని, రిపోర్టును మొదటి పేజీ నుంచి తీరిగ్గా చదవడం మొదలుపెట్టారు. కడప ఎండల సంగతి వేరే చెప్పాలా? చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అయినా గురువు ఆపిన ఫ్యాను శిష్యుడు ఏ మొహం పెట్టుకుని వేస్తాడు? చెమట తుడుచుకుంటూ బుద్ధిగా కూర్చున్నాడు.

చివరి పేజీ అయ్యాక ఆయన తలెత్తారు. "ఉక్కగా ఉందా నాయనా?"

"పర్వాలేదు సార్."

"అయితే నిన్ను కూడా ఈ ఫిర్యాదు లేనివాళ్ల లెక్కలో కలిపేస్తాను" అంటూ ఆయన పెన్ను తీశారు.

ఓబులేశుకి మూడో అంతస్తులో కుట్టుమిషను ముందు కూర్చున్న మస్తానమ్మ గుర్తొచ్చింది. మేనేజరును పక్కన పెట్టుకుని మరీ, ఉక్కగా ఉందా అని తనే ఆమెను అడిగాడు. ఆమె కొంగుతో మెడ తుడుచుకుని, మేనేజరు వంక ఒకసారి చూసి, సరిగ్గా ఈ మాటే అంది. తను సంతోషంగా రాసుకున్నాడు. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

రిపోర్టు వెనక్కి ఇచ్చేయమని, మళ్లీ వెళ్లి కొలుస్తానని, ఈసారి ఆ మూడో అంతస్తులోనే కూర్చుంటానని తల వంచుకుని చెప్పాడు. చెమట మాత్రం ఇంకా కారుతూనే ఉంది.

"స్విచ్ పక్కనే ఉంది కదా" అన్నారు పరాంకుశం గారు. "నీకైతే అందుతుంది. వేసుకో."