ఏటి అవతలి నుంచి వచ్చిన పరమాన్నం

వెనకటికి ఒక ఏటికి ఈవల ఒక రాజ్యం, ఆవల ఒక రాజ్యం ఉండేవి. ఈవలి రాజ్యాన్ని ప్రచండవర్మ ఏలేవాడు. కర్రసాములో ఆయనంతటివాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆ మాట అందరికన్నా ముందు ఆయనే చెప్పుకునేవాడు.

ఆవలి రాజు మల్లదేవుడు. ఏటి మీది ఆనకట్ట ఎవరిదన్న తగువు తాతల నాటిది. ఆ ఏడు వానలు మొహం చాటేయడంతో అది కత్తుల దాకా వచ్చింది. అనవసరంగా సైన్యాలు చావడం ఎందుకని రాజులిద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. ఏటి నడుమ ఇసుకతిన్నె మీద ఇద్దరూ కర్రసాము చేయాలి. మధ్యాహ్నం పొద్దు తిరగగానే మొదలుపెట్టి, ఒకరి కర్ర చేజారేదాకా ఆపకూడదు. గెలిచినవాడిదే ఆనకట్ట.

పోటీ ఖాయమైన నాడే ఆస్థాన వైద్యుడు దివాకర పండితుడు రాజుగారి భోజనం మార్చేశాడు.

"అన్నం మందం, బెల్లం మత్తు మహారాజా! పులి ఏనాడైనా సంకటి తిన్నదా? మాంసమూ నెయ్యీ మాత్రమే పుచ్చుకోండి. పోటీనాడు అదీ వద్దు. ఖాళీ కడుపుతో దూకేదే పులి."

పులితో పోల్చేసరికి ప్రచండవర్మ ఉబ్బిపోయాడు.

ఆ కొలువులో కొమ్మన అనే విదూషకుడు ఉండేవాడు. రాజును నవ్వించడం అతని పని. కానీ సాధన చూడబోయిన కొమ్మనకు నవ్వు రాలేదు. మునుపు జొన్నసంకటి తిని బరిలో దిగితే రాజు పడుచువాళ్లను ఒకరి తర్వాత ఒకరిని అలిసిపోయేలా చేసి, "ఇంకెవడ్రా?" అని పిలిచేవాడు. ఇప్పుడు మొదట గాలిలా తిరుగుతున్నాడు. కాసేపటికే ఒగర్పు. కాళ్లు ఈడుస్తున్నాడు. కర్ర పట్టిన చెయ్యి వణుకుతోంది.

వంటవాడు వీరన్న కూడా అది గమనించాడు. ఉండబట్టలేక ఒక పూట సంకటీ అరటిపండ్లూ పట్టుకెళ్లి, "కాస్త తినండి ఏలినవారూ, ఒంట్లో సత్తువ నిలుస్తుంది" అన్నాడు. అంతే, రాజు అతన్ని చెరసాలలో వేయించాడు.

"పోటీ ముగిసేలోపు నన్ను తినమన్నవాడి నాలుక కోయిస్తాను!" అని సభలో గర్జించాడు.



పోటీనాడు తెల్లవారింది. కొమ్మన ఏటి గట్టున కూలబడ్డాడు. ఆనకట్ట పోతే ఈవల పొలాలన్నీ బీళ్లే. పొద్దెక్కాక రాజు తిన్నా లాభం లేదు, అది పొట్టలోనే బరువై కూర్చుంటుంది. తింటే ఇప్పుడే తినాలి. తినమంటే నాలుక పోతుంది.

ఉన్నట్టుండి లేచి వీరన్న ఇంటికి పరుగెత్తాడు. వీరన్న భార్య చేత బెల్లం పరమాన్నం వండించాడు. దాన్ని ఇత్తడి పళ్లెంలో పెట్టి, పక్కన అరటిపండ్లు సర్ది, పట్టుగుడ్డ కప్పాడు. పడవెక్కి ఆవలి గట్టు దాకా వెళ్లాడు. గట్టు తాకగానే అదే పడవలో వెనక్కి వచ్చాడు.

రొప్పుతూ గట్టు మీది డేరాలోకి వచ్చిన కొమ్మనను చూసి రాజు కనుబొమలు ముడిచాడు. పక్కనే పండితుడు ఉన్నాడు.

"ఏమిటయ్యా అది?"

"ఏటి అవతలి నుంచి వచ్చింది ప్రభూ. పరమాన్నం. మీరు చూడనే వద్దు. అటు పారబోసి వస్తాను."

"ఆగు! ఎందుకు పారబోయడం?"

"అందులో ఏం కలిసిందో ఎవరికి తెలుసు ప్రభూ? 'మీ రాజు జంకాడు' అని ఎవరైనా నవ్వితే నవ్వనీండి. పేరు పోతే పోయింది, ప్రాణం ముఖ్యం."

ప్రచండవర్మ ముఖం ఎర్రబడింది. "జంకానా? నేనా? ఇలా పెట్టు ఆ పళ్లెం."

"వద్దు మహారాజా!" అన్నాడు పండితుడు.

కొమ్మన రాజు కాళ్ల మీద పడ్డాడు. "తినకండి ప్రభూ! మీకు దణ్ణం పెడతాను, తినకండి!"

రాజు ఇద్దరి వంకా ఉరిమి చూసి, పరమాన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"చాలు ప్రభూ, ఇక ఆపండి! సగం వదిలేశాడని ఎవరైనా అంటే అననీండి" అని కొమ్మన మొత్తుకున్నాడు. రాజు పళ్లెం ఖాళీ చేసి, అరటిపండ్లు కూడా తిని, తొక్కలు కొమ్మన ఒళ్లో పడేశాడు.

బయటికి వచ్చాక కొమ్మన, నిజం తెలిస్తే ఏమవుతుందో ఆలోచించడానికి ధైర్యం చాలక ఏటి వంక చూస్తూ కూర్చున్నాడు.

పొద్దు తిరిగేవేళకు రాజు వెంట పండితుడూ కొమ్మనా కూడా పడవలో తిన్నె మీదికి చేరారు. ఇసుకతిన్నె మీద కర్రలు ఫెళఫెళమన్నాయి. ఇద్దరూ ఇద్దరే. ఎంతసేపటికీ ఎవరూ తగ్గలేదు. ఒకసారి ప్రచండవర్మ కాలు తడి ఇసుకలో దిగబడడంతో ఆయన మోకాలి మీద పడ్డాడు. మల్లదేవుడి కర్ర నెత్తి మీదికి వచ్చింది. కొమ్మన ఊపిరి బిగబట్టాడు. రాజు పడ్డచోటి నుంచే దెబ్బ కాచి, ఒక్క ఊపున లేచాడు. ఆ లేవడం చూశాక కొమ్మనకు ఊపిరి ఆడింది. అటు మల్లదేవుడి భుజం అప్పటికే సడలుతోంది. ఈసారి రాజు కొట్టిన దెబ్బకు అతని కర్ర ఎగిరి నీళ్లలో పడింది.

ఈవలి గట్టు హోరెత్తింది. ప్రచండవర్మ మీసం దువ్వి, "మల్లదేవా! నువ్వు పంపిన పరమాన్నం తిని మరీ గెలిచాను. ఇప్పుడు చెప్పు, ఎవరు జంకింది?" అన్నాడు.

మల్లదేవుడు తెల్లబోయాడు. "పరమాన్నమా? నేనేమీ పంపలేదే!"

అందరి చూపులూ కొమ్మన మీదికి తిరిగాయి.

"శాసనం మీరాడు మహారాజా! నాలుక కోయించాలి" అన్నాడు పండితుడు.

కొమ్మన చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. "పండితులవారూ, మీరే సాక్షి. నేను ప్రభువును తినమన్నానా?"

పండితుడికి ఒప్పుకోక తప్పలేదు. "లేదు. తినవద్దన్నావు."

"మీరూ వద్దన్నారు. ఇద్దరం వద్దంటేనే కదా ప్రభువు తిన్నది!"

"మరి అవతలి నుంచి వచ్చిందన్నావే!" అని రాజు గద్దించాడు.

"వచ్చింది ప్రభూ. నేనే అవతలికి పట్టుకెళ్లి, నేనే పట్టుకొచ్చాను. పడవవాణ్ణి అడగండి. వండింది వీరన్న భార్య."

ముందు నవ్వింది మల్లదేవుడు. ఓడిన నొప్పి మరిచి, ఇసుకలో చతికిలబడి మరీ నవ్వాడు. ప్రచండవర్మ కర్ర నేలకు గుచ్చి కొమ్మన వంక చూశాడు. తర్వాత మీసాల చాటున మొదలైన నవ్వు పొట్ట దాకా పాకింది.

వీరన్నను అప్పటికప్పుడు విడిపించమన్నాడు. తన చేతి కడియం తీసి కొమ్మనకు తొడిగాడు. "ఇంకేం కావాలో కోరుకోవయ్యా."

"ముందు నాకేదైనా పెట్టించండి ప్రభూ. పొద్దుటి నుంచి భయంతో ఒక్క మెతుకు దిగలేదు. ఇంకాసేపుంటే ఇక్కడే పడిపోతాను."

ఆ పూట డేరాలో కొమ్మనకు విస్తరి వేశారు. వడ్డించింది ప్రచండవర్మే.