ఊద్ ఆగిన చోట

హైమకి నిన్నటి నుంచీ ఒకటే దిగులు. ఊద్ ఆగినప్పుడు తను ఆగలేకపోతోంది.

ఊద్ అంటే అరబ్బుల వాయిద్యం. పొట్ట పెద్దది, మెడ పొట్టిది, మన వీణకి దూరపు చుట్టం అనుకోండి. కైరోలో జరిగే బెల్లీ డాన్సు ఉత్సవంలో ఆఖరి రోజు ప్రదర్శన రికార్డు పాటకి కాదు, పక్కనే కూర్చుని వాయించే మేళానికి చెయ్యాలి. మధ్యలో డప్పులన్నీ ఆపేస్తారు. ఊద్ ఒక్కటే మోగుతుంది. దానికి తాళం ఉండదు. వాయించేవాడు తన మనసుకి తోచినంతసేపు సాగదీస్తాడు, తోచినప్పుడు ఆపుతాడు.

నిన్న రిహార్సల్లో ఆయన ఆపేశాడు. మా హైమ ఆపలేదు. అంత నిశ్శబ్దంలోనూ దాని నడుముకున్న పూసలు గలగలమంటూనే ఉన్నాయి. ఆయన ఊద్ పక్కన పెట్టి, జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. దానికంటే తిట్టినా బాగుండేది.

నేనెవరినంటే, హైమ పెద్దమ్మ కూతుర్ని. దానికి తోడుగా వెళ్లాను. తోడని పేరేగానీ, నా పని ఊడిన హుక్కులు కుట్టడం, పొద్దున్నే దాని పాదాలకి నొప్పుల మందు రాయడం, "అక్కా, నా వల్ల కావట్లేదే" అంటే వినడం.

హైమ కాకినాడలో ఆడవాళ్లకి ఈ డాన్సు నేర్పుతుంది. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంది, పెళ్లయ్యాక మానేసింది, ముప్పై దాటాక దీన్ని పట్టుకుంది. దాన్ని చూసి మూతి తిప్పుకునేవాళ్లు తిప్పుకుంటూనే ఉన్నారు. "కడుపూపే పంతులమ్మ" అని వెనకాల అంటారు, నా చెవులారా విన్నాను. వాళ్ల అత్తగారికైతే వెనకాల అనే ఓపిక కూడా లేదు, మొహం మీదే అనేస్తుంది. అన్నీ పడింది పాపం. ఈసారి మాత్రం విమానం ఎక్కకముందే నాకు చెప్పేసింది. "అక్కా, ఆ మేళం ముందు నిలబడలేకపోతే నేను ఊళ్లో అబద్ధం నేర్పుతున్నట్టే. రాగానే క్లాసు మూసేస్తాను."

అది మూసేస్తానంటే మూసేసే రకం. అందుకే నాకు భయం.

ఇంక ఆ ఉత్సవం సంగతి. పేరుకే ఉత్సవం. హోటల్లో పెద్ద హాలు, గోడ నిండా అద్దాలు, ఎక్కడెక్కడి దేశాల ఆడవాళ్లూను. ప్రతి క్లాసుకీ మొదటి వరసలో నిలబడాలని తలుపు తియ్యకముందే తోపులాట. మన రేషన్ షాపు నయం. పంతులమ్మ ఒక కదలిక చూపించగానే అందరి ఫోన్లూ పైకి లేస్తాయి. హైమ ఒక్క క్లాసూ వదల్లేదు. "మళ్లీ ఎప్పుడొస్తానో ఏమో" అని పొద్దున్నించి సాయంత్రం దాకా పరుగే. చివరికి మెట్లు దిగాలంటే గోడ పట్టుకునే స్థితికి వచ్చింది. కళ్ల కింద నలుపు. అయినా అద్దం ముందుకెళ్లగానే ఒక నవ్వు తగిలించుకునేది. ఆ నవ్వు చూస్తేనే నాకు అలుపొచ్చేది.

అక్కడ పంతులమ్మని ఉస్తాజా అంటారు. ఉస్తాజా నాదిరాకి డెబ్భై దాటాయి. భారీ మనిషి, మోకాళ్ల నొప్పులు. ఎప్పుడు చూసినా హాలు బయట వరండాలో చెప్పులు విడిచి కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఆఖరి ప్రదర్శనలో ఎవరుండాలో ఎవరొద్దో చెప్పేది ఆవిడే. ప్రదర్శన రేపు. ఇవాళ మధ్యాహ్నం రిహార్సల్ చూసి తేల్చేస్తుంది.

ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకే బడిలో చదివినట్టుంటాయి కాబట్టి ఆవిడ మాటలు నాకు బాగానే అర్థమయ్యేవి.

పొద్దున్నే హైమ ఆవిడ దగ్గరికి వెళ్లింది. నన్నూ లాక్కెళ్లింది.

"ఉస్తాజా, నాకు ఇంకొన్ని కదలికలు నేర్పండి. ఊద్ సాగుతుంటే నా దగ్గరున్నవి అయిపోతున్నాయి."

"ఎన్నున్నాయి నీ దగ్గర?"

"అన్ని క్లాసులకీ వెళ్లాను." హైమ కాస్త గర్వంగానే అంది. "చాలా ఉన్నాయి. అయినా చాలట్లేదు."

ఆవిడ హైమ మొహంలోకి చూసింది. హైమ నవ్వింది. ఆ తగిలించుకునే నవ్వే.

"రాత్రి నిద్రపోయావా?"

"పోయానండీ."

"అబద్ధం," అంది ఆవిడ, కాలితో చెప్పులు వెతుక్కుంటూ. "ఆ పూసలవీ తీసేసి రా."

వరండా చివర చిన్న గదిలో రమ్జీ గారు తీగలు సవరించుకుంటున్నారు. నిన్న మొహం తుడుచుకున్న పెద్దమనిషి ఆయనే. హైమ తలెత్తి ఆయన వైపు చూడలేకపోయింది. ఉస్తాజా ఒక కుర్చీ లాగి ఆయన పక్కన వేసింది, గోడ వైపు తిప్పి.

"కూర్చో."

హైమ కూర్చుంది.

"నువ్వు ఆడొద్దు. ఆయన స్వరాలతోనే ఒక మాట చెప్పినట్టు వాయించి ముగిస్తాడు చూడు, అక్కడ 'అల్లా' అను. అదే నీ పని."

అదక్కడ ఆచారం. పాటగానీ వాయిద్యంగానీ ఒక చోట మనసుకి తగిలి ఆగితే వినేవాళ్లు 'అల్లా' అని నిట్టూరుస్తారు. మన కచేరీల్లో 'ఆహా' అన్నట్టు. అలా అనేవాళ్లు లేకపోతే వాయించేవాళ్లకి చెయ్యి సాగదట.

"ఇంతేనా?" అంది హైమ.

"ఇంతే."

రమ్జీ గారు మొదలుపెట్టారు. హైమ వేళ్లు తొడ మీద తాళం వేస్తున్నాయి. చిన్నప్పటి అలవాటు, తాళం లేనిచోట కూడా వేసుకుంటుంది. స్వరం కిందికి దిగింది.

"అల్లా," అంది హైమ.

అది ముగింపు కాదు. ఆయన చటుక్కున ఆపేసి, ఓపిగ్గా మళ్లీ మొదటికొచ్చారు. హైమ మళ్లీ తొందరపడింది. ఆయన మళ్లీ మొదటికొచ్చారు. ఆ తర్వాత జాగ్రత్తపడబోయి ఆలస్యం చేసింది. ఆయన అప్పటికే తర్వాతి మాటలోకి వెళ్లిపోయారు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో దూరినట్టయింది. తలుపు దగ్గర ఎవరో అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. వెళ్లి వాళ్ల జుట్టు పట్టుకుందామా అన్నంత ఒళ్లు మండింది నాకు.

ఉస్తాజా మాత్రం మోకాలు రుద్దుకుంటూ కూర్చుంది.

ఎంతసేపు గడిచిందో తెలీదు. హైమ మెడ మీద చెమట కారుతోంది. చెవులు ఎర్రబడ్డాయి. "నాకు రాదక్కా ఇది," అంది తెలుగులో, నా వైపు తిరక్కుండానే. "ఒక్క మాట. ఒక్క మాట అనడం కూడా చేతకావట్లేదు నాకు."

"పోనీలేవే, లేచి రా. మనకొద్దు ఇవన్నీ, ఇంటికి పోదాం." నిజంగానే అన్నాను.

అది లేవలేదు. లేచే ఓపిక లేదనుకుంటా. తాళం వేస్తున్న చెయ్యి తొడ మీంచి జారి పక్కకి వేలాడింది. తల గోడకి ఆనించి కళ్లు మూసుకుంది. ఆ నవ్వు ఎప్పుడు ఊడిపోయిందో, మొహం ఉన్నదున్నట్టుగా బయటపడింది. ఊరు కాని ఊళ్లో అలిసిపోయిన ఆడదాని మొహం. అన్నాళ్ల తర్వాత మా హైమని చూశాననిపించింది నాకు.

రమ్జీ గారు వాయిస్తూనే ఉన్నారు, ఇంకా నెమ్మదిగా. ఊద్ మెల్లగా పైకి వెళ్లింది. అక్కడే కాసేపు తచ్చాడింది. దిగలేక దిగలేక ఒక్కో మెట్టే దిగి, చివరికి కింద కూలబడింది.

"అబ్బా..." అంది హైమ.

అనాలని అనలేదు. రోజంతా చాకిరీ చేసి మంచం మీద నడుం వాలిస్తే మన నోట్లోంచి వస్తుందే, ఆ అబ్బా. అందులో నొప్పీ ఉంటుంది, హాయీ ఉంటుంది.

రమ్జీ గారి వేళ్లు తీగల మీదే ఉండిపోయాయి. ఆయన ఉస్తాజా వైపు చూశారు.

హైమ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. "క్షమించండి, నేను అల్లా అనాల్సింది, మర్చిపోయి..."

"ఊరుకో," అంది ఉస్తాజా. "ఇంక క్లాసులకి వెళ్లకు. పోయి పడుకో. మధ్యాహ్నం రా."

గదికి వెళ్లి హైమ కట్టెలా పడి నిద్రపోయింది. నేనే లేపాల్సి వచ్చింది. అప్పటికే వేళ మించిపోతోంది. పూసల డ్రెస్సు తొడగడానికి వ్యవధి లేదు. నల్ల నూలు గౌను వేసుకుని, నడుముకి ఒక చున్నీ బిగించి పరిగెత్తింది.

హాల్లో మేళం సిద్ధంగా ఉంది. ఉస్తాజా ముందు వరసలో కుర్చీలో ఉంది. డప్పుల భాగం బాగానే అయింది. అది హైమకి కొట్టిన పిండే. తర్వాత డప్పులు ఆగాయి, రమ్జీ గారు ఎత్తుకున్నారు.

హైమ కదల్లేదు.

మర్చిపోయిందిరా దేవుడా అనుకున్నాను. చెయ్యి సగం పైకి లేపి అలాగే నిలబడింది. ఊద్ సాగుతోంది. ఎప్పటికో నడుం ఒక్కసారి, నిద్రలో ఒత్తిగిలినట్టు, మెల్లగా తిరిగింది. మళ్లీ నిలబడింది. తర్వాత భుజం. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తల వెనక్కి వాలింది. ఊద్ ఆగింది. హైమ కూడా ఆగింది.

చప్పట్లు లేవు. ఏసీ మోత తప్ప ఇంకేం వినపడలేదు. డప్పు వాయించే ఆయన తల దించుకుని ఉన్నాడు. నాకు ఎవరి మొహమూ చూడబుద్ధి కాలేదు.

హైమ నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక కావాలి కదా. "అయిపోయిందక్కా," అంది. "ఒక్కటీ గుర్తు రాలేదు. వెళ్లగానే క్లాసుకొచ్చేవాళ్లకి చెప్పేస్తాను, ఇంక రావద్దని."

దాని చున్నీ ముడి విప్పాను. పద, పెద్దావిడకి చెప్పి వెళ్దాం అన్నాను.

ఉస్తాజా మళ్లీ వరండాలో తన కుర్చీలోకి చేరింది. హైమ వంగి ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టింది. అక్కడ ఆ అలవాటు లేదేమో, ఆవిడ కంగారుగా కాళ్లు వెనక్కి లాక్కుని, మోకాలు కలుక్కుమంటే మూలిగింది.

"ఏంటిది? ఎందుకు?"

"సెలవు తీసుకుందామని," అంది హైమ. "నేర్చుకున్నవన్నీ మర్చిపోయాను ఉస్తాజా. ఇంతసేపట్లో మూడంటే మూడే చేశాను."

"చూశాను," అంది ఆవిడ, మోకాలు రుద్దుకుంటూ. "రెండు ఎక్కువ. రేపు స్టేజి మీద ఒక్కటి చాలు."