విత్తనపు గంప

సిద్ధలింగయ్యగారికి ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాణ్ణి ఏదో పని మీద పంపేవారు. ఆ పని ముగించుకొని వచ్చేసరికి చాలామంది ప్రశ్న మరిచిపోయేవారు. మరిచిపోనివాళ్ళు మళ్ళీ అడిగేవారు కాదు.

మఠంలో ఆయన శిష్యుల్లో రుద్రయ్య వాదంలో దిట్ట. జవాబు చంకలో పెట్టుకొని ప్రశ్న వేసే రకం. ఆ ఏడు కరువు తీరి, తొలకరి పడ్డాక ఒక పొద్దున గురువుగారి ఎదుట చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

“అయ్యగారూ, ఇవాళే దక్కాలనేవాడు జూదరి, రేపటి కోసం ఆగేవాడు వివేకి. ఓర్చినమ్మకు తేటనీరని పెద్దలు ఊరికే అన్నారా? మన మద్దిలేటినే చూడండి. కరువులో ఊరంతా విత్తనాలు వండుకొని తినేసింది. ఆయనొక్కడే పేడతో మూతి మెత్తిన గంపను ముట్టలేదు. ఇప్పుడు ఆ ఊరే ఆయన గడపలో నిలబడి గింజలు అడుగుతోంది. నా మాట నిజమేనా?”

“మద్దిలేటి ఇవాళ విత్తుతున్నాడు. పోయి సాయంత్రం దాకా ఎద్దుల ముందు నడిచిరా,” అన్నారు గురువుగారు.

తన వాదానికి సాక్ష్యం దొరుకుతుందని రుద్రయ్య సంబరంగానే వెళ్ళాడు. మద్దిలేటి విత్తే గొర్రు పట్టాడు. భార్య సుంకమ్మ వెనకే నడుస్తూ, ఒడిలోని జొన్నలు పిడికిట్లోకి తీసుకొని గొర్రు మీద గిన్నెలా ఉండే జడ్డిగంలో పోస్తోంది. ఆ సీమలో విత్తనం పోయడం ఆడవాళ్ళ పని. గింజలు సమంగా జారాలంటే చెయ్యి తిరిగి ఉండాలి. ఆమె చెయ్యి తిరిగిన మనిషే. అయినా ఒక్క గింజ పక్కన పడితే చాలు, మద్దిలేటి విసుక్కొనేవాడు. అన్నాళ్ళు వాటికి కాపలా కాసిన మనిషి మరి.

చేను కొసన గట్టు పక్కనే చిన్న మట్టిదిబ్బ ఉంది. అక్కడికి రాగానే సుంకమ్మ ఆగిపోయింది. దోసిలినిండా గింజలు తీసి ఆ దిబ్బ మీద పోసింది.

రుద్రయ్య ఉండబట్టలేక, “అమ్మా, విత్తనం పారబోస్తున్నావు,” అన్నాడు. మద్దిలేటి మాత్రం విసుక్కోలేదు. ఎద్దుల్ని ఆపి, వేరే దిక్కు చూస్తూ నిలబడ్డాడు.

“పొయ్యనీ సామీ,” అన్నాడు. “మా పిల్లోడు ఈడుండాడు.”

కరువులో పోయిన పిల్లల్లో ఆ బిడ్డ కూడా ఉన్నాడని రుద్రయ్యకు తెలుసు. ఎలా పోయాడో ఎన్నడూ అడగలేదు.

“తిండి లేక సొమ్మసిల్లి పడుండె. గంప తెరిచి గుప్పెడు జొన్నలియ్యి, జావ కాచి పోస్తానని ఇది నా కాళ్ళు పట్టుకునింది. విత్తనం పొయ్యి మొగం చూడకూడదని మా నాయన చెప్తా ఉండె. వాన వస్తాది, ఓర్చుకోమంటి. వాణ్ణి పూడ్చిన మన్ను ఆరకముందే వచ్చె వాన.” అతను తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. “విత్తనం తిన్నోళ్ళ పిల్లోళ్ళు ఊర్లో ఆడుకుంటుండారు సామీ. వాళ్ళ నాయనలేమో నన్ను బుద్ధిమంతుడంటుండారు.”

సుంకమ్మ చేతులు కొంగుకు తుడుచుకొని మళ్ళీ జడ్డిగం దగ్గరికి వచ్చింది. ఎద్దుల్ని అదిలించడం మద్దిలేటి వల్ల కాలేదు. రుద్రయ్యే అదిలించాడు. అతనికి కళ్ళలో నీళ్ళు నిండి దారి కనబడక, చాలు వంకర పోయింది.

పొద్దుగూకాక మఠానికి వచ్చి గురువుగారి ఎదుట కూర్చున్నాడు.

“వాన వచ్చింది, అయ్యగారూ. విత్తనమూ దక్కింది. ఆ మనిషి కోరుకున్నదంతా జరిగింది,” అన్నాడు. “మరి ఆయన గెలిచాడని అనడానికి నోరెందుకు రావడం లేదు నాకు?”

గురువుగారు అతని తల నిమిరారు. ఆయన కళ్ళూ తడిసే ఉన్నాయి.

“రేపటి కోసం ఆగేవాడూ పందెమే కాస్తాడు, నాయనా. జూదరైతే ఒడ్డే ముందు తన చేతిలో ఉన్నదేమిటో ఒక్కసారైనా చూసుకుంటాడు.”