ఈరమ్మ తీసుకున్న గొంగడి

విమలబోధ స్వామిని ఎవరైనా ఏదైనా అడిగితే, అది ఎవరి కోసం అడుగుతున్నారని ఆయన ముందుగా అడిగేవారు. లోకం కోసమని చెప్పినవారికి శాస్త్రం చెప్పి పంపేవారు. తమ కోసమేనని ఒప్పుకున్నవారికి మాత్రం తాను చూసిందేదో ఒకటి చెప్పేవారు. ఒక మధ్యాహ్నం పినాకపాణి అనే శిష్యుడు, తన కోసమేనని తలవంచుకుని ఒప్పుకున్నాక, ఇలా అడిగాడు.

"కీడు చేసినవాడు తప్పు ఒప్పుకుని ఎదుట నిలబడితే క్షమించి తీరాలా స్వామీ? నాకు చేతకావడం లేదు."

స్వామి చెప్పింది ఇది.

సన్యసించక ముందు ఆయన ఒక ఏడాదిపాటు ఎర్రంచువారి మందల వెంట తిరిగారు. ఎక్కడా ఇల్లు కట్టుకోకుండా, ఎండాకాలం ఏటి ఒడ్డునా వానాకాలం మెట్టసీమలోనూ గొర్రెలను మేపుకుని బతికే తెగ అది. ఆడా మగా అందరి భుజాల మీదా ఎర్రటి అంచున్న నల్లగొంగడి ఉంటుంది. పుట్టిన బిడ్డను అందులోనే చుడతారు, పోయిన మనిషిని అందులోనే పూడుస్తారు. వారికి రాతకోతలు లేవు, కట్టుబాట్లు ఉన్నాయి. దొంగతనం చేశారని పెద్దలు మూడుసార్లు పలికితే, ఆ మనిషి చేతికర్ర ఒక్కటే పట్టుకుని పొద్దుగూకేలోగా మందను విడిచిపోవాలి. తోడుగా ఎవరూ వెళ్లకూడదు. నింద అబద్ధమని తేలితే మాత్రం, నిందపడ్డవారు నింద వేసినవారి గొంగడిని తమ చేత్తో లాగేసుకోవచ్చు. అలా పోగొట్టుకున్నవాడు మళ్లీ ఉన్ని కత్తిరించే కాలం దాకా ఒంటి మీద ఏ కప్పూ లేకుండా, మందకు వెనక, దుమ్ములో నడవాలి. జాలిపడి వాడికి తన గొంగట్లో చోటిచ్చినవారికీ అదే శిక్ష.

ఆ ఏడు మందపెద్ద సుంకన్న. మాట తప్పని మనిషని పేరు. ఒక తెల్లవారుజామున ఆయన విత్తనపు పొట్టేలు కనిపించలేదు. అదే రోజు ఈరమ్మ గుడారం వెనక నెత్తురంటిన ఉన్ని దొరికింది, పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. ఈరమ్మ భర్తను పోగొట్టుకున్న మనిషి. నడవలేని తల్లిని గాడిద మీద కూర్చోబెట్టుకుని, తన కొద్దిపాటి గొర్రెలతో మంద వెంట తిరిగేది. కాలు విరిగిన గొర్రెపిల్లను తానే కోశానని ఆమె చెప్పింది. తోలు ఏదని అడిగితే కుక్కలు లాక్కుపోయాయంది. చూసినవారెవరూ లేరు. పది రోజుల కిందట, దారి విషయంలో ఆమె నిండు పంచాయితీలో సుంకన్న మాటకు ఎదురు చెప్పింది. చివరికి ఆమె చెప్పిన దారే మంచిదని తేలింది. సుంకన్న ఆ సంగతి మరిచిపోలేదు. మరిచిపోలేదని ఆయనకే తెలియదు. నలుగురి ముందూ నిలబడి, తన పొట్టేలును కోసింది ఈరమ్మేనన్నాడు.

తోలు చూపమని పెద్దలు మర్నాటి సాయంత్రం వరకు గడువిచ్చారు. ఆమె ఆ రాత్రంతా తల్లి పక్కన కూర్చుని, తాను వెళ్లిపోతే ఎవరిని ఏమడగాలో, ఎవరిని అడగకూడదో చెబుతూనే ఉంది. తెల్లవారాక తుప్పలన్నీ వెతికింది. తోలు దొరకలేదు.

మర్నాడు పొద్దు వాలుతుండగా అందరూ చేరారు. అప్పటికే ఆమె గొర్రెలను విడదీసి వేరే మందల్లో కలుపుతున్నారు. అవి బెదిరి అరుస్తూ వెనక్కి వస్తున్నాయి. ఈరమ్మ కర్ర పట్టుకుని గుంపుకు దూరంగా నిలబడింది. సుంకన్న రాలేదు. ముందు మజిలీకి దారి చూసి వస్తానని పొద్దున వెళ్లినవాడు ఇంకా తిరిగి రాలేదన్నారు. పొద్దు ఆగదు కనుక, అందరికంటే వృద్ధుడైన ఓబులయ్య లేచి, ఈరమ్మ దొంగ అని ఒకసారి పలికాడు. గుడారంలోంచి ముసలితల్లి ఏమైందని అడగడం వినిపించింది. ఓబులయ్య రెండోసారి పలికాడు.

అప్పుడు మొదట వాసన వచ్చింది, తరవాత మనిషి వచ్చాడు. సుంకన్న భుజాల మీద పొట్టేలుంది. ఒకటిన్నర రోజు ఎండకు ఉబ్బిపోయి ఉంది. ఈగలు ఆయన ముఖం మీద కూడా ముసిరాయి. గుంపు రెండుగా విడిపోయి దారి ఇచ్చింది. ఆయన దాన్ని ఓబులయ్య కాళ్ల ముందు దించి, కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"వాగులో బండల సందున మెడ విరిగి పడుంది. ఎవరూ చూడలేదు. కప్పేద్దామని రాయి కూడా ఎత్తినాను. ఈరమ్మ దొంగ కాదు," అన్నాడు.

రాయి సంగతి ఆయన చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. గుంపులో కొందరి కళ్లు చెమర్చాయి. ఇటువంటి పెద్ద మనకు మళ్లీ దొరకడని ఎవరో అన్నారు. ఆయన భార్య బాలక్క ముందుకొచ్చి ఈరమ్మ చేతులు పట్టుకుంది. వానలు దగ్గరపడ్డాయనీ, ఆయనకు ఆయాసమనీ, గొంగడి లేకుండా ముందున్న కొండకనుమ దాటలేడనీ బతిమాలింది. తీసుకోకుండా వదిలేయడానికి కట్టుబాటు అడ్డురాదని ఓబులయ్య కూడా అన్నాడు. అంతమంది చూపులూ ఇప్పుడు ఈరమ్మ మీద ఉన్నాయి.

ఆమె సుంకన్న దగ్గరికి నడిచి, భుజం మీది గొంగడిని లాగి తన చేతిమీద వేసుకుంది.

"ఇది తీసుకోకుంటే, సుంకన్న మామ దయ వల్ల ఈరమ్మ దొంగ కాలేదంటారు రేపు," అంది బాలక్కతో. "నేను దొంగను కాను అత్తా. అంతే."

సుంకన్న సరేనన్నట్టు తల ఊపాడు.

నాలుగో రోజున కనుమలో వాన అందుకుంది. రెండు పగళ్లు వదలకుండా కురిసింది. అందరూ గొంగళ్లు తలమీదికి లాక్కుని నడిచారు. వెనక బురదలో సుంకన్న వణుకుతూ నడిచాడు. దగ్గు ముందువరకూ వినిపించేది. రెండో పగలు ఆయన రెండుసార్లు పడి, రెండుసార్లూ తానే లేచాడు. ఎవరూ చోటివ్వలేదు, ఇవ్వకూడదు. కనుమ దాటాక పది రోజులు జ్వరంతో పడి, బతికాడు. ఉన్ని కత్తిరించే కాలానికి కొత్త గొంగడి కప్పుకున్నాడు కాని, పెద్దరికం తిరిగి ఇస్తామంటే వద్దన్నాడు.

స్వామి అక్కడ ఆపారు. ఆమె అంత గట్టిగా ఉండకపోతే బాగుండేదేమోనని, పినాకపాణి మెల్లగా అన్నాడు.

ఆ రెండు పగళ్లూ తాను ఈరమ్మ వెనకే నడిచానని స్వామి చెప్పారు. ఆమె దగ్గర రెండు గొంగళ్లున్నాయి, తనదొకటి, సుంకన్నదొకటి. రెండూ మడతపెట్టి గాడిద మీద, తల్లి ఒడిలో పెట్టింది. కనుమ దాటేదాకా ఒక్కటీ విప్పి కప్పుకోలేదు.

"అయితే క్షమించినట్టే కదా స్వామీ?" అన్నాడు పినాకపాణి.

"క్షమించిందో లేదో నాకు తెలియదు నాయనా," అన్నారు స్వామి. "తడిసింది."